వడదెబ్బ చావులకు లెక్క ఏది?

సంపాదకులకు నమస్కారం.

వేసవి మొదలైతే చాలు, ఎండలో బయటికి రావద్దని, మజ్జిగ తాగమని అధికారుల ప్రకటనలు వస్తాయి. సలహాలు మంచివే, కాకపోతే బయటికి రాకుండా పూట గడిచేవాళ్లకే అవి పనికొస్తాయి.

నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఉండేది గుంటూరులో. ఇక్కడ మిర్చి పని ముమ్మరంగా ఉండేదే ఎండాకాలంలో. రేకుల కింద ఆడవాళ్లు వరుసగా కూర్చుని కాయల తొడిమలు తీస్తుంటారు. కిలోల లెక్కన కూలి. ఘాటు తట్టుకోలేక ముక్కూ నోరూ కప్పి గుడ్డ కట్టుకుంటారు. నీళ్ల క్యాను పక్కనే ఉన్నా గొంతు తడుపుకుని ఊరుకుంటారు. ఎందుకని అడిగితే నవ్వేస్తారు. చాలాచోట్ల మరుగుదొడ్డి లేదు, ఉన్నచోట లేచి వెళ్లొస్తే ఆ కాసేపటి కూలి పోతుంది. ఒంట్లో నీళ్లు తగ్గితే చెమట తగ్గుతుంది, రక్తం చిక్కబడి గుండె మీద, మూత్రపిండాల మీద భారం పడుతుంది. మా తీరప్రాంతంలో గాలిలో తేమ వల్ల పట్టిన చెమటైనా ఆరదు, ఒళ్లు చల్లబడదు.

ఇలాంటి మనిషి సాయంత్రం ఇంటికొచ్చి కుప్పకూలితే అందరూ గుండెపోటే అంటారు. అది వడదెబ్బ మరణమని నమోదు కావాలంటే తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై కూర్చున్న త్రిసభ్య కమిటీ నిర్ధారించాలి, పోస్టుమార్టం జరగాలి. శవాన్ని కోయనివ్వడానికి ఎన్ని కుటుంబాలు ఒప్పుకుంటాయి? 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేల మంది చనిపోయారని ప్రభుత్వాలే చెప్పాయి. తర్వాతి ఏళ్లలో ఆ సంఖ్య బాగా పడిపోయింది. జాగ్రత్తలు పెరిగిన మాట నిజమే. అయినా తగ్గినవి చావులెన్నో, నమోదు కానివెన్నో ఎవరు తేల్చారు? 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, పరిహారాన్ని 4 లక్షల రూపాయలకు పెంచింది. సంతోషం. కానీ ఆ డబ్బు చేతికి రావాలన్నా ముందు ధ్రువీకరణ కాగితం ఉండాల్సిందే.

అహ్మదాబాద్ వేరే దారి పట్టింది. 2010 మే నెలలో అక్కడ ఎండలు మండిపోయాయి. పరిశోధకులు వడదెబ్బ అని రాసి ఉన్న చావులను మాత్రమే చూడలేదు. కారణం ఏదైనా సరే, ఆ నెల మొత్తం మరణాలను అంతకుముందు ఏడాది, ఆ మరుసటి ఏడాది మే నెలలతో పోల్చారు. 1,344 ఎక్కువ తేలాయి. ఆ వేసవి దెబ్బ తిన్నాకే 2013లో ఆ నగరం ఎండలపై కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. మన దగ్గర జనన మరణాల రిజిస్టర్లు లేవా? వాటిని తిరగేయడానికి ఏ కమిటీ అక్కరలేదు, పోస్టుమార్టం అంతకన్నా అక్కరలేదు.

ఆసుపత్రుల సంగతి కూడా ఒకటి చెప్పాలి. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదని తేల్చేసే అలవాటు మాలోనూ ఉంది. ఒళ్లు వంచి పనిచేస్తూ పడిపోయిన వాళ్లకు చెమటలు కారుతూనే ఉండవచ్చు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడుతుంటే, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బే అనుకోవాలి. జ్వరం మాత్రతో ఆ వేడి దిగదు. ఆసుపత్రికి తరలించేలోపే ఒళ్లంతా తడిపి గాలి విసరాలి. స్పృహ లేనప్పుడు నోట్లో ఏమీ పోయకూడదు.

1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ నివేదిక చెబుతోంది. అంతేనా అనిపిస్తుంది. కానీ సగటు కాస్త జరిగితే చాలు, తీవ్రమైన ఎండల రోజులు పెరుగుతాయి. పైగా రాత్రి కూడా రేకుల ఇల్లు చల్లబడకపోతే, పగలు అలసిన ఒంటికి తేరుకునే వ్యవధి దొరకదు.

నా విన్నపాలు పెద్దవేమీ కావు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రతి నగరపాలక సంస్థ, ప్రతి జిల్లా రోజువారీ మొత్తం మరణాలను గత అయిదేళ్ల సగటుతో పోల్చి వారానికోసారి బయటపెట్టాలి. హెచ్చరిక ఉన్న రోజుల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బయటి పని ఆపించాలి, ఆ గంటల కూలి కోయకూడదు. తొడిమలు తీసే షెడ్లకు మరుగుదొడ్డి ఉంటేనే అనుమతి ఇవ్వాలి. చివరిది కార్మిక శాఖ ఒక్క తనిఖీతో తేల్చగలిగేది, వచ్చే సీజన్ కంటే ముందే.

– ఒక విశ్రాంత నర్సు, గుంటూరు