తాగేవాడికేనా హరామ్?

సంపాదకులకు నమస్కారం.

మద్యం ఇస్లాంలో హరామ్ అని అందరికీ తెలుసు. ఆ నిషేధం తాగేవాడితో ఆగదన్న సంగతిని మాత్రం మా ముస్లింలలోనే చాలామంది పట్టించుకోవడం లేదు. ప్రవక్త సహచరుడు అనస్ బిన్ మాలిక్ చెప్పిన హదీసు (ప్రవక్త మాటలు, పనుల గురించిన ఉల్లేఖనం) ప్రకారం మద్యం విషయంలో ప్రవక్త (స) పదిమందిని శపించారు. తాగేవాడు వాళ్లలో ఒకడు. తయారు చేసేవాడు, మోసేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, చివరికి ఆ సొమ్ము తినేవాడు కూడా ఉన్నారు.

2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 మద్యం షాపులను లాటరీ తీసి ప్రైవేటు వాళ్లకు ఇచ్చారు. షాపు పెట్టాలంటే షట్టరు కావాలి కదా. మా పేటలో ఒకదాన్ని అద్దెకిచ్చిన పెద్దమనిషి జుమా (శుక్రవారం) నమాజులో మొదటి సఫ్‌లో, అంటే ముందు వరుసలో, నిలబడే మనిషే. మదరసా పిల్లలు సాయంత్రం ఆ మెట్ల మీది ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు తొక్కుకుంటూ వెళ్తున్నారు. అడిగితే, "నేను తాగను, అమ్మను. అద్దె మీదే పిల్లల చదువులు నడవాలి" అంటారు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మద్య నిషేధం వచ్చాక, తన దగ్గరున్న అనాథలకు వారసత్వంగా వచ్చిన మద్యాన్ని ఏం చేయాలని అబూ తల్హా అనే సహచరుడు ప్రవక్తను అడిగారు. పారబోయమన్నారు. పోనీ వెనిగర్‌గా మార్చుకోవచ్చా అంటే, వద్దన్నారు. తండ్రి లేని పిల్లల ఆస్తికే మినహాయింపు దొరకలేదు. పాపంలో ఒకరికొకరు సాయపడవద్దని ఖురాన్‌లోని సూరా మాయిదా అనే అధ్యాయం రెండో ఆయతు (వాక్యం)లోనే ఉంది. అదే సూరాలో తొంభయ్యో ఆయతు మద్యాన్ని షైతాను పని అంది.

ఖుత్బాల్లో (మసీదు ప్రసంగాల్లో) తాగుబోతులను తిట్టడం వింటూనే ఉన్నాం. అలవాటు మానలేక నలిగిపోయే పేదవాడిని తిట్టడం తేలిక, చందా ఇచ్చే ఆసామిని అడగడమే కష్టం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం ఇంట్లో తాగొచ్చిన మగవాళ్లతో పోట్లాడి ఊరుకోలేదు, సారా వేలం పాటలనే అడ్డుకుంది.

షాపు లైసెన్సుల గడువు రెండేళ్లే. కొత్త లాటరీకి ముందే మసీదు కమిటీల వాళ్లు తమ పేటలోని బిల్డింగు యజమానులను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాలి. మసీదు ఆస్తుల్లో ఉన్న షట్టర్ల అద్దె ఒప్పందాల్లో మద్యం అమ్మకూడదని రాయించాలి. ఈ రెండు పనులకు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు.

- ఒక పాఠకురాలు, గుంటూరు