కేరళలో పడవలే కనిపించాయా?

అయ్యా,

కిందటి ఆదివారం మీ జిల్లా పేజీలో కోనసీమ పర్యాటకం గురించి వేసిన వార్త చదివాను. నాలుగు రోజులు ఊరుకున్నాను. మా ఆవిడ కూడా ‘మీకెందుకండీ’ అంది. కానీ ‘స్థానికులకు విరివిగా ఉపాధి’ అన్న ముక్క కొబ్బరి పీచులా గొంతుకి అడ్డం పడింది. పర్యాటకులు రావద్దని నేననను. వాళ్లు పెట్టే డబ్బు ఎటు పోతోందో కూడా రాయమంటున్నాను.

మాది రాజోలు దగ్గర ఏటిగట్టు పక్క పల్లె. సంక్రాంతి మూడు రోజులూ ఇటు గది దొరకాలంటే ఎంత పొయ్యాలో మీరే రాశారు. అందులో బుకింగ్ యాప్ ముందే తన కమీషన్ కోసుకుంటుంది. జీఎస్టీ కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. మిగిలింది ఎక్కడో సిటీలో ఉండే యజమాని ఖాతాలో పడుతుంది. మా పంచాయతీకి దక్కేది ఇంటి పన్ను, పండగ వెళ్లాక కాలవలో తేలే సీసాలు. శివారు చేలకి నీళ్లు చేరినట్టే ఉంది మా ఊరికి పర్యాటకం డబ్బు చేరడం.

పోయినేడు ఓ రిసార్టుకి బొండాలు వేద్దామని వెళ్లాను. ఆఫీసులో కుర్రాడు మర్యాదగానే కూర్చోబెట్టి, ‘వెండర్ కోడ్ ఉందా అంకుల్?’ అన్నాడు, అంటే సరుకు వేసేవాళ్లకి వాళ్లిచ్చే నంబరట. మా నాన్న నాటిన చెట్లవి, వాటికి కోడ్ ఎవరూ వెయ్యలేదు. సరుకంతా ఒకే కాంట్రాక్టరు వ్యాన్‌లో తెస్తాడట. కూరలు సరే, ఆఖరికి అరిటాకులు కూడానట! కోనసీమకి అరిటాకులు బయటినుంచి! దింపు కూలీ పోను నాకు పది రూపాయలు మిగలని బొండాం అక్కడ గాజు గ్లాసులో పోసి, గొట్టం పెట్టి ఎనభైకి అమ్ముతున్నారు. ఇక ఉపాధి అంటారా, మా ఊరి పిల్లలకి గేటు దగ్గర కాపలా, గదులు తుడిచే పని. సీజన్ అయిపోగానే ‘మళ్లీ పిలుస్తాం’ అంటారు.

ఏ ప్రభుత్వం వచ్చినా, ఏ మంత్రి వచ్చినా ‘మరో కేరళ చేస్తాం’ అంటాడు. కేరళ వెళ్లి వీళ్లు చూసొచ్చింది హౌస్‌బోట్లు ఒక్కటే. అక్కడ కుమరకోమ్‌లో 2008 ప్రాంతంలోనే పంచాయతీని, హోటళ్లని, కుడుంబశ్రీ ఆడవాళ్ల సంఘాలని ఒకచోట కూర్చోబెట్టారు. ఆ ఊళ్లో పండిన కూరగాయలు ఆ ఊరి హోటళ్లే కొనేలా ఒప్పించారు. ఇది ఏ అధికారి నోట్లోనూ రాదేం? మనకీ డ్వాక్రా సంఘాలున్నాయి కదా. వాటిని సభలకి జనాన్ని తోలడానికి తప్ప ఇంకెందుకూ వాడరా?

ఎవరూ ప్లాన్ చెయ్యకుండా జరిగిన పర్యాటకం కావాలంటే వాడపల్లి వెంకన్న గుడి చూడండి. ఏడు శనివారాల మొక్కు పేరు చెప్పి జనం విరగబడి వస్తున్నారు. వెళ్తూ వెళ్తూ ఆత్రేయపురం పూతరేకులు కట్టించుకుంటున్నారు. కుండ మీద రేకు తీసే ఆడవాళ్లకీ, బెల్లం వాడికీ, నెయ్యి వాడికీ అంతో ఇంతో అందుతోంది. పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లకి ఇచ్చే కూలి చాలదు, ఆ సంగతి వేరే. కానీ డబ్బు ముందు ఊళ్లో ఆగుతోంది. 2023లో ఆ పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు కూడా వచ్చింది, దాంతో ఫొటోలు దిగడం అయింది.

పర్యాటకులు ఎలా రావాలో మాత్రం అడక్కండి. కోటిపల్లి–నరసాపురం రైలు కోసం చూస్తూ చూస్తూ తాతనయ్యాను. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా పట్టాలు పడింది 2004లో. అవి అక్కడే ఆగాయి. 2027లో గోదావరి పుష్కరాలు. అప్పటికప్పుడు ఘాట్లకి రంగులేసి, బస్టాండు మరుగుదొడ్డి తాళం తీసి, మళ్లీ పన్నెండేళ్ల దాకా తాళం వేసేస్తారు. 2015 పుష్కరాల్లో రాజమండ్రిలో తొక్కిసలాటలో 27 మంది పోయారు. అది గుర్తున్నవాళ్లు ఆఫీసుల్లో ఎంతమంది మిగిలారో.

మీ విలేకరి ఈసారి రిసార్టుకి వెళ్తే హాల్లో కాఫీ తాగి వచ్చెయ్యకుండా, వంటింట్లోకి వెళ్లి ఆ వంకాయలు ఏ ఊరివో ఒక్కసారి అడిగి వార్తలో వెయ్యమనండి. నా బొండాల కోసం రాస్తున్నాననుకునేరు, అవి చెట్టు మీదుండగానే వ్యాపారికి ఇచ్చేశాను.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు,
రాజోలు ప్రాంతం