రాత్రి డ్యూటీ సిస్టర్‌గారికి కృతజ్ఞతలు

విశాఖలో మా నాన్నగారు చేరిన వార్డులో రాత్రి డ్యూటీ చేసిన సిస్టర్‌గారికి నమస్కారం. పేరు రాయడం లేదు, ఆవిడకి ఇష్టం ఉండదేమో.

సింహాద్రి అప్పన్న ఊరు కదా, ఏ వార్డులోనైనా ఇద్దరు అప్పలరాజులు ఉండనే ఉంటారు. మంచం నంబరు చూసి మందిస్తే, పేషెంటుని పక్క మంచానికి మార్చిన రోజు మందు తారుమారే. ఈవిడ ఇన్సులిన్ తెచ్చిన ప్రతిసారీ "తాతగారూ, మీ పేరు చెప్పండి" అనేవారు. "మీరు అప్పలరాజేనా?" అని మాత్రం అడిగేవారు కాదు, మగతలో ఉన్నవాళ్లు దేనికైనా ఊఁ కొట్టేస్తారు. చేతి పట్టీ మీది ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) కేస్ షీటుతో సరిచూసేవారు. వయల్ (మందు సీసా) మీద 40 అని, అంటే మిల్లీలీటరుకి 40 యూనిట్లని ఉందా, సిరంజి దానికి సరిపోయే ఎర్ర మూతదేనా అని లైటు కింద పెట్టి మాకూ చూపించేవారు. 100 రకం మందుని 40 సిరంజితో తీస్తే డోసు రెండున్నర రెట్లవుతుంది, షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. భోజనం ట్రే వచ్చాకే సూది.

ఈ లెక్కలేవీ నాన్నగారికి పట్టలేదు. చెప్పి చేస్తున్నారు, అదే ఆయనకి ధైర్యం. ఇప్పుడు ఏ షిఫ్టువాళ్లొచ్చినా అడక్కుండానే పేరు చెప్పి చెయ్యి చాపుతున్నారు.