గ్రంథాలయ కమిటీ వార్షిక నివేదిక, 2024–25: వరద తర్వాత మన లైబ్రరీ ఎలా ఉండాలి

కాలనీ సంక్షేమ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడూ ఈ నివేదికలో ముందు కొన్న పుస్తకాలు, తర్వాత జరిపిన కార్యక్రమాలు, చివర్లో రాబోయే ఏడాది సంగతులు రాయడం అలవాటు. ఈసారి ఆ వరస కుదరదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలోని మన సింగ్‌నగర్ మీద పడ్డాక మన గ్రంథాలయానికి ఏడాది రెండు ముక్కలైంది. మొదటి ముక్కలో చెప్పుకోదగ్గవి పెద్దగా లేవు. పేపర్లు వేయించాం, వేసవి సెలవుల్లో పిల్లలకు బొమ్మల పోటీ పెట్టాం, ఆగస్టు 12న మన దేశ గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ జయంతికి ఆయన ఫొటోకు దండ వేశాం. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంచారు కాబట్టి ఆ అంకెల జోలికి నేను పోవడం లేదు.

బుడమేరు గండ్లు పూడ్చి, నీళ్లు దిగి, బురదలో తలుపు నెట్టుకుని లోపల అడుగుపెట్టేసరికి పది రోజులు దాటింది. అయిదరల బీరువాల్లో కింది మూడు అరలు మునిగాయి. తడిస్తే పుస్తకం ఉబ్బుతుందని అందరికీ తెలుసు. ఉబ్బిన పుస్తకాలు అరలో ఎంతలా బిగుసుకుంటాయో ఆ రోజే చూశాం. వరసలో ఒక్కటి కదిలితే ఒట్టు. చివరికి ప్రతి అరలోనూ మధ్యలో ఉన్న ఒక పుస్తకాన్ని అట్ట చింపి, ముక్కలు ముక్కలుగా లాగేస్తే గానీ మిగతావి వదులు కాలేదు. ఏ పుస్తకాన్ని అలా బలి ఇవ్వాలన్న దాని మీద కూడా కమిటీలో కాసేపు వాదన నడిచిందంటే నమ్మండి.

ముతక కాగితం మీద అచ్చయిన పాత డిటెక్టివ్ నవలలు, వారపత్రికల బైండ్లు కొన్ని తేరుకున్నాయి. పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి, తడిసినప్పుడల్లా మార్చి, ఫ్యాను కింద ఆరబెట్టాం. తొందరపడి ఎండలో పెట్టినవాటికి అట్టలు వంకర్లు పోయాయి. ఖరీదైన ఆర్ట్ పేపరు పుస్తకాలు, అట్లాసులు, రంగుల విజ్ఞాన సర్వస్వాలు పేజీలన్నీ అతుక్కుపోయి ఇటుకల్లా గట్టిపడ్డాయి. రెండు రోజులు తడిగా ఉంటే చాలు, కాగితానికి బూజు మొదలవుతుంది. అన్నాళ్లు నీళ్లలో నానినవాటికి మందు లేదు. బూజు పట్టినవాటిని పిల్లలు ముట్టుకోకుండా సంచుల్లో కట్టి పంపేశాం.

వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే మన యాక్సెషన్ రిజిస్టరు కూడా మునిగింది. తొలి కార్యదర్శి గారు ఇంకు పెన్నుతో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన పేజీలన్నీ నీలం మరకలై పోయాయి. తర్వాతివాళ్లు బాల్‌పెన్నుతో గీకినవి మాత్రం అక్షరం చెరగలేదు.

దసరా వెళ్లాక రెండు టేబుళ్లు, అరువు తెచ్చిన కుర్చీలతో మళ్లీ తెరిచాం. అరల్లో పుస్తకాలు లేకపోయినా జనం వచ్చారు. వచ్చి ఏం అడుగుతున్నారో మన లైబ్రేరియన్ గారు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నారు. ఎవరూ చెప్పకుండానే ఆవిడ మొదలుపెట్టిన పని ఇది. కింద నేను చెప్పబోయే ప్రణాళిక దాదాపుగా ఆ నోటుబుక్కు నుంచి పుట్టిందే.

అందులో ఎక్కువసార్లు కనిపించేది పుస్తకం కాదు, టేబులు. 'కూర్చుని చదువుకోవడానికి చోటుందా మేడమ్?' దాని తర్వాత సర్టిఫికెట్లు. ఆ తర్వాత పిల్లల కథలు, పొద్దున్నే పేపరు. ఇక ఎవరూ అడగనివి చూద్దాం. పై అరల్లో చుక్క నీరు తగలకుండా మిగిలిన ఇంగ్లీషు ఎన్‌సైక్లోపీడియా సంపుటాలను గానీ, ఎవరో దానమిచ్చిన లా రిపోర్టులను గానీ ఒక్కరూ అడగలేదు. మునిగినవాటిలోనూ సగానికి పైగా పుస్తకాల గురించి 'అయ్యో, అది పోయిందా' అన్న మనిషి లేడు. ఇన్నేళ్లుగా బీరువాలు నిండితే లైబ్రరీ పెరిగిందనుకున్నాం. అందుకే పోయిన పుస్తకాలన్నీ వరసపెట్టి తిరిగి కొనాలన్న ప్రతిపాదనను కమిటీ ఒప్పుకోలేదు. దీని మీద సభ్యుల్లో కొందరికి అసంతృప్తి ఉందని తెలుసు, సమావేశంలో మాట్లాడుకుందాం.

వేళలు

మొదటి మార్పు ఖర్చు తక్కువది, అన్నిటికంటే అవసరమైనది. ఇప్పుడు మన వేళలు పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. ఉద్యోగస్తులు, కాలేజీ పిల్లలు ఇల్లు చేరేసరికి మనం తాళం వేస్తున్నాం. దండ వేసి ఊరుకునే రంగనాథన్ గారినే తీసుకోండి. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాల్లో మొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికే అని. ఆ సూత్రం కింద ఆయన చర్చించినదేమిటో చూస్తే, గ్రంథాలయం ఎక్కడ ఉండాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి, బల్లలూ కుర్చీలూ ఎలా ఉండాలి, సిబ్బంది ఎలాంటివాళ్లయి ఉండాలి అన్నవే. మనకు సరిగ్గా కావాల్సింది అదే.

ఏప్రిల్‌లో 16,347 టీచరు పోస్టులతో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చాక సాయంత్రం ఏడింటికి లైటు తీయబోతే 'ఇంకో గంట అంకుల్' అని బతిమాలే పిల్లల్ని చూస్తున్నాం. ఇంట్లో టీవీ, ఒకే గది, పరీక్ష టెన్షన్. వాళ్లకు మనం గైడ్లు కొనిపెట్టనక్కర్లేదు, సిలబస్ మారితే అవి చిత్తుకాగితాలే. చదువుకునే చోటు, లైటు, తాగునీళ్లు, ఒక ప్లగ్ పాయింటు చాలు. కాబట్టి పొద్దున వేళను 7 నుంచి 9కి కుదించి, సాయంత్రం 5 నుంచి రాత్రి 9:30 దాకా తెరవాలని ప్రతిపాదన. పేపరు చదివే పెద్దలకు పొద్దున ఏడింటికే వీలుగా ఉంటుందని వాళ్లే చెప్పారు. లైబ్రేరియన్ గారు రాత్రి ఏడు దాటి ఉండలేరు. ఆ తర్వాత సభ్యులే వంతులు వేసుకోవాలి. ఈ ఒక్క విషయం తేలకపోతే మిగతా ప్రణాళికంతా కాగితం మీదే ఉంటుంది.

పిల్లలు

మన కాలనీ పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు మీడియం. తెలుగు గలగలా మాట్లాడతారు, రెండో తరగతి వాచకం ఇస్తే కూడబలుక్కుంటారు. వాళ్ల చేతికి ఒకేసారి నూరు పేజీల పుస్తకం ఇచ్చి, పిల్లలు చదవడం లేదని అనడం న్యాయం కాదు. నాలుగు లైన్ల పేజీలు, పెద్ద అక్షరాలు, బోలెడు బొమ్మలు ఉన్నవి కావాలి. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ వేసిన చిన్న పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి, వాటికే మొదటి బడ్జెట్. ప్రథమ్ బుక్స్ వారి వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో స్థాయిల వారీగా తెలుగు కథలున్నాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాబట్టి ఉచితంగా ప్రింటు తీసి, స్టేపుల్ చేసి పంచుకోవచ్చు. చిరిగితే మళ్లీ తీస్తాం. పుస్తకం చింపుతారన్న భయంతో పిల్లల బీరువాకు తాళం వేసే పద్ధతి ఇక ఉండదు.

ఆదివారం పదింటికి కథల గంట ఉంటుంది. జనవరి నుంచి ప్రయోగంగా నడుపుతున్నాం. రెండో లైనులోని ఒక రిటైర్డ్ టీచరమ్మ గారు కథ సగం చదివి ఆపేస్తారు. తర్వాత ఏమైందో తెలియాలంటే పుస్తకం ఇంటికి తీసుకెళ్లాల్సిందే. ఆ సోమవారం ఆ పుస్తకం కోసం కొట్లాట. అదే పుస్తకం ప్రతులు నాలుగైదు ఉంచాలని అందుకే అడుగుతున్నాం. వంద రకాల పుస్తకాలు ఒక్కొక్కటి ఉండటం కంటే పాతిక రకాలు నాలుగేసి ఉండటం పిల్లల విషయంలో మేలు.

సర్టిఫికెట్లు, దరఖాస్తులు

ఇది లైబ్రరీ పనేనా అని ఒక సభ్యులు రాతపూర్వకంగా అడిగారు. వరద వచ్చాక కింది అంతస్తు మునిగిన ఇళ్లకు 25,000, పై అంతస్తులవారికి 10,000 రూపాయల సాయం ప్రకటించినప్పుడు ఎవరి పేరు జాబితాలో ఉందో, ఎవరిది లేదో, ఆధార్‌కు ఏ బ్యాంకు ఖాతా లింకయిందో తెలియక జనం మన గదికే వచ్చారు. పదో తరగతి మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాలు తడిసి ముద్దయిన పిల్లలు వచ్చారు. డిజిలాకర్‌లో పదో తరగతి మెమో దొరుకుతుందని చాలామందికి ఇక్కడే తెలిసింది. కావలసిన సమాచారం వెతికి చేతిలో పెట్టడమే గ్రంథాలయం పని అయితే, ఇది ముమ్మాటికీ గ్రంథాలయం పనే. శనివారం సాయంత్రాలు ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులతో దీన్ని కొనసాగిస్తాం. ఒక్కటే షరతు: ఎవరి పాస్‌వర్డూ, ఓటీపీ మన రిజిస్టర్లో రాయకూడదు, ఎవరి కాగితం కాపీ కంప్యూటర్లో ఉంచకూడదు.

ఇంటికే పుస్తకం

మన ఊరికి ఈ పనులు కొత్త కాదు. 1914 ఏప్రిల్‌లో ఇక్కడ రామమోహన గ్రంథాలయంలోనే అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాల పెట్టెలు పెట్టి ఊరూరా తిప్పారు. పుస్తకం దగ్గరికి మనుషులు రాలేకపోతే మనుషుల దగ్గరికే పుస్తకం వెళ్లాలని వాళ్లు తొంభై ఏళ్ల కిందటే తేల్చేశారు. మనకు పడవ అక్కర్లేదు, ఒక స్కూటీ, ఒక గుడ్డ సంచి చాలు. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని పెద్దలు, పురిటి నుంచి లేచిన తల్లులు ఫోన్ చేస్తే గురువారం పుస్తకాలు తెచ్చి ఇస్తాం, పై గురువారం మార్చి ఇస్తాం. చూపు ఆనని వాళ్లకు వారి కోసమే ఉన్న ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం పెట్టించి, ఫోన్లో వినడం నేర్పిస్తాం. దీనికి ఇద్దరు ముగ్గురు ఆసక్తి చూపారు. సంఖ్య చిన్నదే, అయినా మొదలుపెడదాం.

పైన ఏమిటి, కింద ఏమిటి

లైబ్రరీ మొత్తాన్ని కమ్యూనిటీ హాలు మేడ మీదికి మార్చేయాలని కొందరి సలహా. వరద భయంతో చూస్తే సబబే. కానీ మెట్లెక్కి పేపరు చదవడానికి వచ్చేవాళ్లెవరు? పేపర్లు, పిల్లల అరలు, చదువుకునే బల్లలు కిందే ఉంచుదాం. తడిస్తే మళ్లీ దొరకనివి, అంటే సంఘం మినిట్స్ పుస్తకాలు, కాలనీ తొలినాళ్ల ఫొటోలు, సంతకాలు చేసి ఇచ్చిన పుస్తకాలు మేడ మీది గదికి చేరుద్దాం. ఫొటోలు, మినిట్స్ స్కాన్ చేయడం మే నెలలోనే మొదలవుతుంది.

పాత సాహిత్యం మళ్లీ కొనే విషయంలో ఒక మాట. రచయిత పోయిన అరవై ఏళ్ల తర్వాత మన దేశంలో కాపీరైటు ఉండదు. గురజాడ, వీరేశలింగం వంటివారి రచనలు తెలుగు వికీసోర్స్‌లో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక ట్యాబ్‌లో అవన్నీ వేసి ఉంచుతాం. అచ్చు పుస్తకమే కావాలనేవారి కోసం ముఖ్యమైనవి కొన్ని జనవరి పుస్తక మహోత్సవంలో కొందాం.

రిజిస్టరు ఇకపై కంప్యూటర్లో స్ప్రెడ్‌షీట్‌గా ఉంటుంది, ఒక నకలు క్లౌడ్‌లో. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలని యువ సభ్యుల పట్టు. అది ఉచితమే, మంచిదే. దాని సర్వరు చూసుకునే మనిషి మన దగ్గర ఏడాది పొడవునా ఉంటాడన్న నమ్మకం నాకు లేదు. టచ్‌స్క్రీన్ కియోస్కు ప్రతిపాదనకూ అదే జవాబు.

దానంగా వచ్చే పుస్తకాల సంగతి కాస్త మొహమాటం వదిలి చెప్పాలి. వరద తర్వాత దాతలు గొప్ప మనసుతో సంచులు పంపారు, అందరికీ కృతజ్ఞతలు. అయితే వాటిలో పాత టెన్త్ గైడ్లు, కంపెనీ డైరీలు, సభల సావనీర్లు కూడా ఉన్నాయి. ఇక నుంచి పుస్తకాల జాబితా ముందు పంపితే, కావలసినవి మాత్రం తీసుకుంటాం. ఏ పుస్తకమైనా మూడేళ్లు ఎవరూ తీసుకోకపోతే అరలోంచి తీసి, ఏటా ఒకసారి అమ్మకానికి పెడతాం. స్థానిక చరిత్రకూ, మన వాళ్లు రాసినవాటికీ ఈ నియమం వర్తించదు.

డబ్బు

మనందరం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చెందాల్సిన డబ్బు. ఆ సంస్థ నడిపే పుస్తక నిక్షిప్త కేంద్రాల్లో మన గదిని కూడా చేర్చమని దరఖాస్తు పెడుతున్నాం. ఆమోదం వస్తే కొనకుండానే అరువు పుస్తకాలు వస్తాయి. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ స్వచ్ఛంద సంస్థల లైబ్రరీలకూ సాయం చేస్తుంది, దానికి ఆడిట్ అయిన లెక్కలు సిద్ధం చేయమని కోశాధికారి గారిని కోరాం. ఈ రెండూ ఎప్పుడొస్తాయో చెప్పలేం కాబట్టి పై ప్రణాళికలో దేన్నీ వాటికి ముడిపెట్టలేదు. సభ్యత్వ రుసుము పెంచడం లేదు. చదువుకునే పిల్లల దగ్గర కుర్చీకి ఇంత అని వసూలు చేయాలన్న సూచనను కమిటీ ఏకగ్రీవంగా తోసిపుచ్చింది.

సర్వసభ్య సమావేశం ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాం: వేళల మార్పు, దానం పుస్తకాల నియమం, ఈ ఏడాది పుస్తకాల బడ్జెట్‌లో సగం పిల్లలకు కేటాయించడం. వేళల తీర్మానం నెగ్గితే రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా కూర్చుని తాళం వేసేవారి పట్టిక అప్పటికప్పుడే రాసేస్తాం. సోమ, మంగళ, శుక్రవారాలకు పేర్లు వచ్చాయి. శనివారం నేను ఉంటాను. బుధ, గురు, ఆదివారాలు ఖాళీగా ఉన్నాయి. పేర్లు లైబ్రేరియన్ గారికి గానీ, సమావేశంలో గానీ ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి, గ్రంథాలయ కమిటీ