అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. అనంతపురం జిల్లా కణేకల్లు వైపు పల్లె నుంచి రాస్తున్నాను. ఏటి ఇసుక మా చేలను కప్పేస్తోందని అర్జీలు ఇచ్చాం, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు అడుగుతున్నాను.

2030 నాటికి 2.6 కోట్ల హెక్టార్ల పాడైన నేలను బాగుచేస్తామని 2019లో ఐక్యరాజ్యసమితి ఎడారీకరణ సదస్సులో మన దేశం మాట ఇచ్చింది. 2070కల్లా భూమిని వేడెక్కించే వాయువుల నికర ఉద్గారాలను (గాలిలోకి వదిలినవాటిలో తిరిగి పీల్చుకున్నవి పోను మిగిలేవి) సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో చెప్పింది. రెండూ మంచి మాటలే. కానీ ఇప్పుడు బడిలో చేరే పిల్లలకు 2070 నాటికి యాభై ఏళ్లు దగ్గర పడతాయి. అంతవరకు వాళ్లు ఈ నేల మీదే బతకాలి కదా?

మా దగ్గర ఆషాఢం గాలికి హగరి ఏటి ఇసుక లేచి చేల మీద పడుతుంది. శెనక్కాయ మొలక నాలుగాకులు వేసేలోపే కప్పేస్తుంది. ఆడవాళ్లు సాళ్లలో కూర్చుని చేతులతో ఇసుక తోడి ఒక్కో మొక్కనూ బయటికి తీస్తారు. సాయంత్రానికి మళ్లీ అదే గాలి. రెండోసారి విత్తనానికి అప్పు పుట్టనివాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉండిపోతారు.

ఆ 2.6 కోట్ల హెక్టార్లలో మా జిల్లా వాటా ఎంతో, ఇంతవరకు ఎంత బాగుపడిందో మండలాలవారీగా ప్రకటించండి. ఏటి గట్టు పొడవునా గాలికి అడ్డంగా కానుగ, వేప వరసలు నాటించండి. వాటిని కాపాడే పని, కూలి డబ్బు పంచాయతీలకే ఇవ్వండి. నాటిన రోజు ఫోటో చూపిస్తే ఒప్పుకోలేం. మూడో వేసవి దాటి బతికిన చెట్టునే లెక్కలోకి తీసుకోండి. వచ్చే ఖరీఫ్‌లోపు ఈ ప్రణాళికను మా గ్రామసభల్లో చదివించండి.

ఇట్లు,
ఒక వేరుశనగ రైతు,
అనంతపురం జిల్లా