ఒకే క్యాలెండర్ కిందికి వచ్చిన విడుదలలు: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కొత్తవారికి శిక్షణ, సర్వర్ల నిర్వహణ, బగ్‌ల వడపోత ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే సాగాయి. జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో కోశాధికారి మీ ముందు పెడతారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఒకే పనికి ఇస్తున్నాను. మన సాఫ్ట్‌వేర్‌లోని భాగాలన్నిటికీ కలిపి ఒక విడుదల క్యాలెండర్ తయారైంది, అమలులోకి కూడా వచ్చింది. కార్యవర్గం ఏడాదంతా దీనిమీదే కూర్చుంది.

ఇంతకుముందు కోర్ లైబ్రరీ ఒకప్పుడు, డెస్క్‌టాప్ యాప్ ఇంకొకప్పుడు, ప్లగిన్లు (అదనపు సౌకర్యాలిచ్చే చిన్న భాగాలు) వాటి మెయింటెయినర్లకు, అంటే వాటి బాగోగులు చూసేవారికి, తీరిక దొరికినప్పుడు వచ్చేవి. కోడ్ రాసేవారికి ఇందులో పెద్ద ఇబ్బంది లేదు. భారమంతా వారి తర్వాత పని మొదలుపెట్టేవారి మీద పడేది. ఏ ప్లగిన్ ఏ లైబ్రరీ వెర్షన్‌తో నడుస్తుందో ప్యాకేజీలు తయారుచేసేవారు ఒక్కొక్కటే బిల్డ్ చేసి చూసుకోవాలి. అనువాదకులు మెనూలన్నీ పూర్తిచేశాక ఆఖరి రోజు ఎవరో ఒక డైలాగ్ మార్చేవారు. అది విడుదలలో ఇంగ్లిషులోనే వెళ్లిపోయేది. సహాయ పుటల్లోని స్క్రీన్‌షాట్లదీ అదే పరిస్థితి.

క్యాలెండర్ వేసే ముందు పెద్ద ప్రాజెక్టుల పద్ధతులు చూశాం. లైనక్స్ డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ ఏటా మార్చిలో, సెప్టెంబరులో విడుదలవుతుంది. గ్నోమ్‌ను తనలో కలుపుకునే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం ఉబుంటు ఏప్రిల్, అక్టోబరు నెలల్లో వస్తుంది. గ్నోమ్ మార్చి విడుదల ఏప్రిల్ ఉబుంటులో చేరగలుగుతోందంటే ఇద్దరి తేదీలూ ముందే తెలిసి ఉండటమే కారణం. లైనక్స్‌కు గుండెలాంటి కెర్నల్‌లో కొత్త కోడ్ చేర్చుకోవడానికి రెండు వారాల మెర్జ్ విండో ఉంటుంది, తర్వాత వారానికో ఆర్‌సీ (విడుదలకు ముందు పరీక్షించే ప్రతి) వస్తుంది, మామూలుగా ఏడో ఎనిమిదో ఆర్‌సీ అయ్యాక అసలు విడుదల. మరో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం డెబియన్ దారి వేరు. సిద్ధమైనప్పుడే విడుదల అంటుంది కానీ ఫ్రీజ్ తేదీలు, అంటే మార్పులు ఆపేసే తేదీలు, ముందే ప్రకటిస్తుంది. 2002లో వచ్చిన 3.0 తర్వాత 3.1 కోసం దాని వాడుకరులు దాదాపు మూడేళ్లు, అంటే 2005 జూన్ వరకు ఎదురుచూశారు. అన్నీ పరిశీలించి మనం ఆరు నెలల పద్ధతి ఎంచుకున్నాం. తేదీ స్థిరం, ఆ తేదీకి సిద్ధమైన ఫీచర్లే వెళ్తాయి, మిగతావి తర్వాతి విడుదలకు ఆగుతాయి.

దీనిమీద వాదనలు గట్టిగానే జరిగాయి. జీతం లేకుండా పనిచేసేవారికి గడువు ఎలా పెడతారని కొందరు మెయింటెయినర్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. గడువు పెట్టింది విడుదల బ్రాంచ్‌కు, అంటే విడుదల కోసం వేరుచేసిన కోడ్ ప్రతికి. ఎవరి ప్యాచ్ (కోడ్ మార్పు) అయినా అందకపోతే ప్రధాన బ్రాంచ్‌లో అది భద్రంగా ఉంటుంది, ఆరు నెలల్లో మళ్లీ అవకాశం వస్తుంది. తర్వాతి విడుదల ఎప్పుడో తెలియనప్పుడే చేతిలో ఉన్నదాన్ని ఎలాగైనా ఇప్పుడే దూర్చేయాలన్న తొందర పుడుతుంది. ఆ టెన్షన్ ఈసారి బాగా తగ్గిందని అభ్యంతరం చెప్పినవారిలోనే కొందరు అన్నారు.

ఫ్రీజ్‌ల వరుస ఇలా కుదిరింది. మొదట కొత్త ఫీచర్లను ఆపే ఫీచర్ ఫ్రీజ్, తర్వాత తెరమీది మాటలను ఖాయంచేసే స్ట్రింగ్ ఫ్రీజ్, ఆఖర్న విడుదలను ఆపే స్థాయి బగ్‌లకు తప్ప వేరే మార్పులకు వీల్లేని హార్డ్ ఫ్రీజ్. స్ట్రింగ్ ఫ్రీజ్ తర్వాత తెరమీద ఒక్క మాట మార్చాలన్నా అనువాద, డాక్యుమెంటేషన్ బృందాలు రెండూ ఒప్పుకోవాలి. గడువులన్నీ ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం యూటీసీలో రాశాం. 'శుక్రవారం రాత్రి' అంటే ఎవరి రాత్రి అన్న గొడవ దాంతో తీరింది.

రెండో విడుదలకు ముందు జరిగిన తుది సమావేశం గురించి చెప్పాలి. పాత వెర్షన్ నుంచి అప్‌గ్రేడ్ చేసినప్పుడు, ఫోల్డర్ పేరులో ఇంగ్లిషు కాని అక్షరాలుంటే సెట్టింగుల ఫైలు చదవలేక యాప్ దాన్ని ఖాళీ ఫైలుగా తిరగరాస్తోందని ఒక టెస్టర్ పట్టుకున్నారు. ప్యాచ్ చిన్నదే, అప్పటికే సిద్ధంగా ఉంది. చెప్పిన తేదీకే విడుదల చేసి, సవరణను వెంటనే ఒక పాయింట్ రిలీజ్‌లో (సవరణల కోసం చేసే చిన్న విడుదలలో) ఇద్దామని కొందరన్నారు. కానీ పోయిన సెట్టింగులను ఏ పాయింట్ రిలీజూ తిరిగి తేలేదు. ఆ ఒక్క కారణంతో విడుదలను వారం జరపాలని నిర్ణయించాం. అప్పుడే ఇంకో విజ్ఞప్తి వచ్చింది: ఎలాగూ వారం దొరికింది కాబట్టి, పూర్తయి ఉన్న ఎగుమతి ఫీచర్‌ను కూడా చేర్చుకోమని. విడుదల బృందం కుదరదంది. ఈ ఏడాది తీసుకున్న నిర్ణయాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే. ఆ వారం పరీక్షల కోసం తీసుకున్నది. అందులోకి కొత్త కోడ్ వస్తే మళ్లీ పరీక్షించాలి, మళ్లీ జరపాలి.

2024లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగచాటుగా చొప్పించిన కోడ్ బయటపడినప్పుడు ఉబుంటు 24.04 బీటాను (పరీక్షల కోసం ముందుగా ఇచ్చే ప్రతిని) వారం వెనక్కి జరిపారు. అయినా అసలు విడుదల ముందు చెప్పినట్టే ఏప్రిల్ 25న వచ్చింది. క్యాలెండర్‌లో కొంత వెసులుబాటు ఉంచాలని మన బృందం పట్టుబట్టడానికి ఇలాంటి అనుభవాలే ఆధారం.

విడుదల బాధ్యత, విడుదల అసలైనదేనని చూపే డిజిటల్ సంతకం చేసే కీ ఒక్కరి దగ్గరే ఉండే పద్ధతి కూడా మారింది. ఇప్పుడు ప్రతి విడుదలకూ ఒక బాధ్యుడు, పక్కనే పని నేర్చుకుంటూ ఒక సహాయకుడు ఉంటారు. తర్వాతి విడుదలను ఆ సహాయకుడే నడిపిస్తారు. కోడ్‌కు వెర్షన్ ట్యాగ్ వేయడం, ఫైళ్లన్నిటినీ ఒక టార్‌బాల్‌గా కట్టడం, ఫైలు చెడలేదని చెక్‌సమ్‌తో సరిచూడటం, ప్రకటన పంపడం వరకు అడుగడుగూ రాతలో పెట్టాం.

రాబోయే ఏడాదికి మూడు విషయాలు మీ ఆమోదానికి వస్తున్నాయి: తర్వాతి రెండు విడుదలల తేదీలు, పాత వెర్షన్లకు భద్రతా సవరణలు ఎంతకాలం ఇవ్వాలన్నది, విడుదల బృందంలో రెండు ఖాళీల భర్తీ. ఆ ఖాళీల్లో ఒకదాన్ని అనువాదకులకే ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. తేదీలపై అభ్యంతరాలుంటే సమావేశానికి ముందే రాతపూర్వకంగా పంపండి. ముసాయిదా సవరించడానికి సమయం చిక్కుతుంది.

కార్యదర్శి