చేత్తో చేసిన శుభాకాంక్షల కార్డుకు ధర అడగకండి

సంపాదకులు గారికి నమస్కారములు.

చేతిపనుల గురించి మీ పత్రికలో తరచు వ్యాసాలు వస్తుంటాయి. వాటిని నేను వదలకుండా చదువుతాను, కొన్నింటిని కత్తిరించి దాచుకుంటాను కూడా. అయితే కాగితపు పూలు చేసేవారి గురించి గానీ, సన్నని కాగితపు పట్టీలను చుట్టి బొమ్మలు తీర్చే క్విల్లింగ్ చేసేవారి గురించి గానీ, చేత్తో గ్రీటింగ్ కార్డులు తయారు చేసేవారి గురించి గానీ రాసినప్పుడల్లా ఆ వ్యాసం ఒకే దారిలో నడిచి ఒకే చోట ఆగుతోంది. సరదాగా మొదలైన పని వ్యాపారంగా ఎలా మారింది, ఎన్ని ఆర్డర్లు వస్తున్నాయి, ఖర్చులు పోగా నెలకు ఎంత మిగులుతోంది అన్నవే అందులో ముఖ్యాంశాలు. ఆదాయం లేని అభిరుచికి ఆ పేజీల్లో చోటు దొరకడం నేను చూడలేదు. చాలా ఏళ్లుగా కార్డులు చేస్తూ, ఒక్కటి కూడా అమ్మకుండా, ఆ పనిలోనే నిండైన తృప్తి పొందుతున్న మనిషిగా ఈ విషయమై నా మనసులోని మాట మీ పాఠకులతో పంచుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కార్డులు అమ్మి ఇల్లు నడుపుకుంటున్నవారి మీద నాకు గౌరవం ఉంది. వారి కష్టం గురించి రాయవద్దని నేను అనడం లేదు. ఈ కళ వ్యాపారంగా మారడం కొత్త సంగతి కూడా కాదు. అమెరికాలోని వూస్టర్ పట్టణానికి చెందిన ఎస్తర్ హౌలాండ్ అనే యువతి 1847లో చదువు ముగించుకుని ఇంటికి వచ్చాక, ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక ప్రేమసందేశపు కార్డును చూసి ముచ్చటపడి, జాలీ కాగితాన్ని, రంగు బొమ్మలను తెప్పించుకుని తానే అటువంటివి చేయడం మొదలుపెట్టింది. అడిగేవారు పెరగడంతో స్నేహితురాళ్లను పిలిచి, ఒకరు బొమ్మలు కత్తిరించేలా, ఒకరు అడుగు కాగితం పరిచేలా, మరొకరు అతికించేలా పని పంచింది. ఆ రోజుల్లో ఒక యువతి తన చేతిపనితో అంత పెద్ద సంస్థను నిలబెట్టడం నిజంగా గొప్ప విషయం. కానీ పని అలా పంచుకున్నాక ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఎవరికీ తాము చేస్తున్న కార్డు ఏ మనిషి చేతికి చేరుతుందో తెలియదు. అమ్మకానికి చేసే కార్డుకూ ఒక మనిషి కోసం చేసే కార్డుకూ తేడా అక్కడే ఉందని నేను అనుకుంటాను.

ముద్రించిన కార్డు పుట్టుకలోనే ఈ తేడా కనబడుతుంది. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే అధికారి, పండుగ వేళ మిత్రులందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక లేక, జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ వేయించి, దాన్ని రాతి అచ్చు మీద ముద్రింపించి, చేత్తో రంగులు వేయించాడు. అందులో ఎవరికి, ఎవరి నుంచి అన్న చోట్లు ఖాళీగా ఉంచారు. పేరు నింపితే చాలు, ఏ కార్డయినా ఎవరికైనా పనికొస్తుంది. సమయం మిగుల్చుకోవడానికి అది చక్కటి ఉపాయం. మేము చేసే పని దీనికి పూర్తిగా ఎదురు దిశలో సాగుతుంది. ఒక మనిషి కోసం కావాలని సమయం వెచ్చించడమే ఇందులోని ఆనందం. ఆ కార్డు ఇంకొకరికి పనికిరాదు.

కార్డు చేయడంలో అసలు పని కత్తెర పట్టుకోకముందే మొదలవుతుంది. ఎవరికి చేస్తున్నామో ఆ మనిషిని ముందుగా తలచుకోవాలి. ఆ మనిషికి ముదురు రంగులు ఇష్టమా, లేత రంగులా? చదివి బీరువాలో భద్రం చేసుకుంటారా, నలుగురికీ కనబడేలా బల్ల మీద పెట్టుకుంటారా? ఈ మధ్య ఆ ఇంట్లో సంతోషం ఉందా, దిగులు ఉందా? చూపు మందగించిన మా గురువుగారికి కార్డు చేసినప్పుడు నేను బొమ్మల జోలికి పోలేదు. ఆయన పేరులోని అక్షరాలను దళసరి అట్టలో పెద్దవిగా కోసి, రెండు పొరలుగా అతికించి, వేలితో తడిమితే తెలిసేంత ఎత్తు తెచ్చాను. లేత పసుపు కాగితం మీద ముదురు నీలం అక్షరాలు పెట్టాను, ఎందుకంటే ఆ రెండు రంగుల మధ్య తేడా మసక చూపుకు కూడా అందుతుంది. మన అక్షరాల్లో గుండ్రాలు ఎక్కువ కనుక ముందు లోపలి సున్నలను కోసి తీసేసి, ఆ తరువాతే బయటి అంచు కోయాలి. బయటి అంచు ముందే కోసేస్తే సన్నని వంపుల దగ్గర పట్టు దొరకక అక్షరం నలిగిపోతుంది. అలా ఆయన పేరును ఒక్కొక్క వంపుగా కోస్తున్నంత సేపూ నా ఆలోచన ఆయన దగ్గరే ఉంది. ఫోనులో అందరికీ ఒకేసారి పంపే సందేశంతో ఇది సాధ్యం కాదు. ఆ సందేశాలను నేను తప్పుపట్టడం లేదు, నేనూ పంపుతాను. కానీ ఒక మనిషి గురించి అంత సేపు, వేరే ధ్యాస లేకుండా ఆలోచించే అవకాశం రోజువారీ బతుకులో మనకు చాలా అరుదుగా దొరుకుతుంది.

జబ్బు చేసి మంచం మీద ఉన్నవారికి చేసే కార్డు వేరు. మందుల సీసాల మధ్య పడిపోకుండా నిలబడాలి కాబట్టి, దానికి మడత పక్కన కాకుండా పైభాగాన వచ్చేలా చేస్తాను. అప్పుడు రెండు రెక్కలూ కిందికి విచ్చుకుని గట్టిగా నిలుస్తుంది. ఆప్తులను పోగొట్టుకున్నవారికి చేసేది అన్నిటికంటే కష్టం. అందులో అలంకారం ఎంత తగ్గిస్తే అంత మంచిది, లోపల రాసే రెండు వాక్యాలకే ఎక్కువ సమయం పడుతుంది.

ఇక పనితనం గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే పత్రికల్లో వచ్చే సూచనల్లో అలంకరణ గురించి చాలా ఉంటుంది గానీ కాగితం గురించి దాదాపు ఏమీ ఉండదు. కొత్తగా మొదలుపెట్టినవారి కార్డు మడత దగ్గర పగిలినట్టు కనిపిస్తే, వాళ్లు తమ చేతిలో నేర్పు లేదనుకుని ఆపేస్తారు. తప్పు చేతిది కాదు. యంత్రం మీద కాగితం తయారయ్యేటప్పుడు అందులోని పీచు ఎక్కువగా యంత్రం నడిచే దిశలోనే పరుచుకుంటుంది. ఆ వాటంలో మడిస్తే మడత నున్నగా వస్తుంది. వాటానికి అడ్డంగా మడిస్తే పీచు తెగి అంచు చిట్లుతుంది. అట్టను రెండు చేతులతో పట్టుకుని మడత పడకుండా మెల్లగా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వంచి చూస్తే, ఏ వైపు తేలికగా వంగుతుందో అదే మడవవలసిన వైపు. అప్పుడు కూడా నేరుగా మడవకూడదు. స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గీటు పెట్టి, ఆ గీటు మీదుగా మడిచి, గోటితో కాకుండా చెంచా వెనుక భాగంతో రుద్దాలి. గోటితో రుద్దితే ముదురు రంగు కాగితం మీద మెరుపు మచ్చ పడుతుంది.

కొలతల్లోనూ ఒక అందం ఉంది. పీచు పొడవు వైపు ఉన్న ఎ4 అట్టను, అంటే 210 × 297 మిల్లీమీటర్ల అట్టను, నేరుగా సగానికి మడిచి పెద్ద కార్డు చేస్తే మడత పీచుకు అడ్డం పడుతుంది. అదే అట్టను ముందు రెండు ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను సగానికి మడిస్తే 105 × 148 మిల్లీమీటర్ల చిన్న కార్డులు రెండు వస్తాయి, వాటి మడత పీచు వాటంలోనే పడుతుంది. ఇవి 114 × 162 మిల్లీమీటర్ల కవరులో హాయిగా ఇముడుతాయి. కార్డు నిలబడాలంటే చదరపు మీటరుకు 200 నుంచి 300 గ్రాముల బరువున్న కాగితం కావాలి. మామూలు ముద్రణ కాగితం 80 గ్రాములే కాబట్టి లోపల అతికించే పొరకు తప్ప పనికిరాదు. నీళ్లు కలిసిన జిగురు ఎక్కువైతే పీచు ఉబ్బి కాగితం ముడతలు పడుతుంది కనుక జిగురును అంచుల వెంబడి పలచగా పూసి, ఆరేదాకా బరువైన పుస్తకం కింద ఉంచాలి.

సామాను విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. అచ్చులు, కోత యంత్రాలు, రకరకాల స్టిక్కర్లు కొంటే తప్ప ఈ పని సాగదన్న భావన వ్యాపార ప్రకటనల వల్ల వ్యాపిస్తోంది. కత్తెర, స్కేలు, కట్టర్, జిగురు, మంచి కాగితం ఉంటే ఎవరైనా మొదలుపెట్టవచ్చు. ముఖ్యంగా మెరుపుపొడిని మానుకోవాలని నా మనవి. అందులో ఎక్కువ భాగం అల్యూమినియం పూసిన ప్లాస్టిక్ పొర ముక్కలే. అది నేల మీదా, నీళ్లలోనూ చాలా కాలం మిగిలిపోతుంది, అది అంటిన కార్డును తిరిగి కాగితంగా మార్చడం కూడా కష్టం. ప్లాస్టిక్‌తో చేసిన విడి మెరుపుపొడి అమ్మకంపై ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరులో ఆంక్షలు పెట్టింది. మెరుపు కావాలంటే బంగారు రంగు సిరా గీత ఒక్కటి చాలు.

ఈ అభిరుచి కార్డు చేసే ఆ గంటకే పరిమితం కాదు. కాగితంతో పని చేసేవారి చూపు క్రమంగా మారుతుంది. ఉత్తరం వచ్చిన కవరు లోపలి వైపు ఉన్న సన్నని నీలి అల్లిక కనబడుతుంది, పాత క్యాలెండరు వెనుక తెల్లని దళసరి కాగితం కనబడుతుంది, రాలిన ఆకు మీది ఈనెలు ఎలా చీలుతున్నాయో కనబడుతుంది. ఆ ఆకును పీల్చుడు కాగితాల మధ్య పెట్టి, బరువు కింద రెండు మూడు వారాలు ఉంచితే పలచగా ఆరి కార్డు మీద అతికించడానికి సిద్ధమవుతుంది. ఆ వారాలు వేచి ఉండటం కూడా నాకు ఇష్టమే. సాయంత్రం వంటింటి పని ముగిశాక బల్ల మీద కాగితాలు పరచుకుంటే, పగలు చికాకు పెట్టిన సంగతులు వాటంతట అవే వెనక్కి తగ్గుతాయి. ఇది నా ఒక్కరి అనుభవం కాదని చెప్పడానికి ఆధారం ఉంది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో 39 మంది వయోజనులు 45 నిమిషాల పాటు బంకమట్టితో, రంగులతో, కాగితపు ముక్కలతో తమకు తోచినది చేశారు. వారిలో సుమారు 75 శాతం మందికి ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోను స్థాయి తగ్గింది. అంతకు ముందు కళతో పరిచయం ఉన్నవారికీ లేనివారికీ ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చిన్న అధ్యయనమే అయినా, నేర్పు ఉన్నవారికే ఆనందం అన్న అపోహకు అది మంచి జవాబు.

చేసిన కార్డును పంపడానికి మాత్రం చాలామంది సంకోచిస్తారు. అంచు సరిగా రాలేదనో, అక్షరాలు వంకరపోయాయనో డబ్బాలో దాచేస్తారు. నా పరిచయస్తుల్లోనే అందంగా చేసి పంపకుండా ఉంచుకున్నవారు కొందరు ఉన్నారు. వారికి నేను చెప్పే సంగతి ఒకటి ఉంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు కృతజ్ఞత తెలుపుతూ ఉత్తరాలు రాసినవారినీ అందుకున్నవారినీ అడిగి తెలుసుకున్న విషయాలను 2018లో ప్రచురించారు. అందుకునేవారికి ఇబ్బందిగా ఉంటుందేమోనని రాసినవారు ఎక్కువగా ఊహించారు, వారికి కలిగే సంతోషాన్ని తక్కువగా అంచనా వేశారు. రాసినవారి దిగులంతా మాటలు సరిగ్గా కుదిరాయా లేదా అన్నదే. అందుకున్నవారు చూసింది అందులోని ఆప్యాయతను. ఆ పరిశోధన ఉత్తరాల గురించే అయినా, కార్డులకు కూడా ఇది వర్తిస్తుందని నా అనుభవం చెబుతోంది. నేను పంపినవాటిలో ఇన్నేళ్లుగా ఎవరూ అంచు వంకర గురించి మాట్లాడలేదు. తమ కోసం కూర్చుని చేశారన్న మాటే అందరూ అన్నారు.

అటువంటి కార్డు చూసి ఇరుగుపొరుగువారు ముందుగా అడిగే ప్రశ్న, దీన్ని ఎంతకు అమ్మవచ్చు అని. మెచ్చుకోలుగానే అడుగుతారు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ ప్రశ్న పదేపదే వినవలసి వచ్చినప్పుడు, అమ్మనివారికి తాము చేస్తున్నది పనికిమాలిన పనేమో అన్న సందేహం మొదలవుతుంది. ముఖ్యంగా ఇంటి పనితో అలసిపోయి, దొరికిన కాస్త తీరికను తనకు ఇష్టమైన పనికి కేటాయించుకున్న స్త్రీకి ఆ తీరికకు కూడా లెక్క చెప్పవలసిన పరిస్థితి రాకూడదు. ఉద్యోగం నుంచి విరమించిన పెద్దలకైనా, బడి పిల్లలకైనా ఇది వర్తిస్తుంది. పాట పాడుకునేవారిని కచేరీ ఎప్పుడని, మొక్కలు పెంచేవారిని దిగుబడి ఎంతని ప్రతిసారీ అడగము కదా.

అందువల్ల మీ ఆదివారం సంచికలో, వ్యాపార విజయాల శీర్షికకు సంబంధం లేకుండా, చేతిపని అభిరుచులకు నెలకు ఒకసారి అయినా అర పేజీ కేటాయించవలసిందిగా కోరుతున్నాను. పాఠకులు తాము ఎవరి కోసం ఏం చేశారో, ఎందుకు అలా చేశారో రాసి పంపితే వాటిని ఫోటోతో ప్రచురించవచ్చు. దానితో పాటు కాగితం, జిగురు, మడత, కోత వంటి విషయాల మీద నమ్మదగిన చిన్న పాఠం ఒకటి ఇస్తే పిల్లలకు కూడా ఉపయోగం. మొదటి పాఠంగా పీచు వాటం గురించి ఇవ్వండి. దానికి ఏ సామానూ కొననక్కరలేదు. చదవడం అయిపోయిన పత్రికనే ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా చింపి చూడమంటే సరిపోతుంది. ఒక వైపు తిన్నగా చిరుగుతుంది, రెండో వైపు వంకర టింకరగా పోతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు